భూములు కొన్నవాళ్ళ చదువు

మా వదిన చెప్పేది నిజం కాదు. ముందు ఆ ముక్క చెప్పేస్తే నాకు కాస్త ఊపిరాడుతుంది. మొన్న పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు నేను మొయినాబాద్‌లో మా అన్న ఇంట్లో ఉన్నాను. పక్కింటావిడ తన కొడుకు మార్కులను సెల్‌ఫోన్‌లో చూపించుకుంటూ వచ్చింది, ఇంటర్‌లో ఏ గ్రూపు ఇప్పించాలో టీచరమ్మను అడుగుదామని. టీచరమ్మంటే నేనే. పాతికేళ్ళకు పైగా చేవెళ్ళలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పినదాన్ని. నేను చాయ్ గ్లాసు కింద పెట్టి గొంతు సవరించుకునేలోపే మా వదిన అందుకున్నది. "పిల్లలు అడిగిందల్ల ఇప్పియ్యకు చెల్లె. మా బిడ్డ గిట్లనే ఎంపీసీయే కావాలె అని మొండికేసింది. మేమంత వద్దు వద్దన్నం. ఇన్నదా? ఆఖరికి ఏమాయె?" పక్కింటావిడ అయ్యో అన్నది. మంచం మీద పేపరు చదువుతున్న మా అన్న పేపరు వెనుక నుంచే తలూపాడు. పేపరు కదలడం వల్ల నాకు తెలిసింది.

కండక్టర్లతో, కరెంటు ఆఫీసు వాళ్ళతో, నలుగురు హెడ్మాస్టర్లతో వాదించిన మనిషిని నేను. ఆ పూట పరాయి మనిషి ముందు ఇంటి గుట్టు ఎందుకని నోరు మూసుకున్నాను. అప్పటి నుంచీ ఆ మాట నా లోపల నలుగుతూనే ఉన్నది. నిజానికి ఈ కథ మా ఇంట్లో ఏడాదికింత పక్కకు జరుగుతూ వచ్చింది. మొదటి రోజుల్లో "అందరం అనుకొనే ఇప్పించినం" అనేవాళ్ళు. కొన్నాళ్ళకు "దానికి గూడ ఇష్టమే ఉండె" అయింది. ఆ తర్వాత "అదే అడిగింది". ఇప్పుడు "మేము వద్దన్నం". ఇంకో పదేళ్ళు బతికితే, చరిత్ర తీసుకో తల్లీ అని వీళ్ళంతా ఆ పిల్ల కాళ్ళు పట్టుకున్నట్టు కూడా వింటాను. అందుకే నేను చూసింది చూసినట్టు, చేసింది చేసినట్టు రాసి పెడుతున్నాను. చేసిన వాళ్ళలో నేనూ ఉన్నాను. చివరకు వచ్చేసరికి మిగతా వాళ్ళ పాపం నా దానిముందు చిన్నదే.

సాఫ్ట్‌వేర్ అనే మాట మా రోడ్డు మీదికి కొత్తగా వచ్చిన రోజులు అవి. అంతకుముందు చేవెళ్ళ రోడ్డంటే టమాట ట్రేలు, కొత్తిమీర మూటలు ఎక్కించుకొని తెల్లారకముందే పట్నం పోయే ఆటోలు, సందు లేని బస్సులు. ఉన్నట్టుండి ఆదివారాలు కార్లు రావడం మొదలైంది. మనుషులు దిగేవాళ్ళు, చేలగట్ల మీద నిలబడి గాలి పీల్చేవాళ్ళు, "వావ్" అనేవాళ్ళు, ధర అడిగేవాళ్ళు. మా ఊరు చిన్న మంగళారంలో మా అన్నకు ఐదెకరాలుండేవి. రోడ్డు వైపున్న రెండెకరాలు హైటెక్ సిటీలో పెద్ద ఉద్యోగం చేసే ఒకాయనకు అమ్మాడు. ఆయన ప్రతి ఆదివారం భార్యను, చిన్న కూతుర్ని, మడత కుర్చీలను తెచ్చుకొని ఆ రెండెకరాల నడుమ కూర్చునేవాడు. మా ఇంట్లో ఆయన పేరు ఆదివారం సారు. మామిడి మొక్కల ఆకులు ఎందుకు పచ్చబడుతున్నాయో, గుంతలు ఎంత లోతు తీయాలో, చెదలకు ఏం చల్లాలో అన్నీ మా అన్ననే అడిగేవాడు. విచిత్రం ఏమిటంటే, అవన్నీ చెప్పిన మా అన్న తన కంటికి తాను మొద్దుగా కనిపించేవాడు, అడిగిన ఆయన మహా పండితుడిగా కనిపించేవాడు. అందుకే మోకాలి నొప్పికి ఏ దవాఖాన మంచిదో ఆయన్నే అడిగాడు. ఏ ట్రాక్టరు కొనాలో ఆయన్నే అడిగాడు. బిడ్డకు ఏ గ్రూపు ఇప్పించాలో కూడా ఆయన్నే అడిగాడు. ఆయన ల్యాప్‌టాప్ నుంచి తలెత్తకుండానే "ఎంపీసీ" అన్నాడట. ఎంపీసీ అంటే లెక్కలు, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం. ఆ పిల్లకు లెక్కల్లో ఎన్ని మార్కులు వచ్చాయని ఆయన అడగలేదు, మా అన్న చెప్పలేదు.

మా అన్న తర్కం నాకు ఇప్పటికీ కంఠతా వస్తుంది. "చూడు చెల్లె, గీ రోడ్డు మీద భూములు అమ్మినోళ్ళంత ఏం సదివిండ్రు? ఏం సదవలే. కొన్నోళ్ళంత ఏం సదివిండ్రు? ఎంపీసీ. నా బిడ్డ అమ్మెటోళ్ళల్ల ఉండాల్నా, కొనెటోళ్ళల్ల ఉండాల్నా?" మా అన్న ఒక్కడే కాదు, ఆ ఏడు శంకర్‌పల్లి నుంచి మొయినాబాద్ దాకా ఏ చాయ్ హోటల్లో చూసినా ఇదే లెక్క. భూమి అమ్మిన ప్రతి ఇల్లూ, ఆ భూమి కొన్నాయన ఏం చదివాడో కనుక్కొని, తమ పిల్లలకు అదే ఇప్పించింది. ఆ పిల్లలకు అది వస్తుందా రాదా అన్నది ఎవరికీ పట్టలేదు.

ఇక నా సంగతి. ఏటా పదో తరగతి ఫలితాలు రాగానే మా హెడ్మాస్టరు బడి ముందు రేకుల షెడ్డు కింద ఒక బల్ల వేయించి నన్ను కూర్చోబెట్టేవాడు. తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకొచ్చి వరుసలో నిలబడితే, ఎవరికి ఏ గ్రూపు నప్పుతుందో నేను చెప్పాలి. ఈ పనిలో నాకు మంచి పేరుండేది. ఎందుకంటే నేను మార్కుల మెమో ముందు చూసేదాన్ని కాదు. "నీ పదో తరగతి పుస్తకాలన్నీ సంచిలో వేసుకొని రా" అనేదాన్ని. ఎటూ వాటిని సగం ధరకు కింది తరగతి వాళ్ళకు అమ్ముకునే వేళ అది. ఏ పుస్తకం నలిగిందో, ఎక్కడ నలిగిందో తిప్పి చూసేదాన్ని. పరీక్ష కోసం చదివిన పుస్తకం ముఖ్యమైన ప్రశ్నల దగ్గరే నలుగుతుంది. ఇష్టంతో చదివింది ఎక్కడంటే అక్కడ నలుగుతుంది. చేవెళ్ళ కిరాణా షాపు సేఠ్ కొడుకు సోషల్ పుస్తకంలో బ్యాంకులు, వ్యాపారం పాఠాల నిండా మంచినూనె మరకలు. వాడు షాపు గల్లా దగ్గర కూర్చొని అవే చదివాడు. సీఈసీ ఇప్పించు, వాణిజ్యశాస్త్రం ఉంటుంది అన్నాను. "కంప్యూటర్ సదివిస్తననుకుంటే ఇంకో దుకాణపోణ్ణి జేస్తవా మేడమ్?" అని సేఠ్ నా మీదికొచ్చాడు. గంటసేపు పోట్లాడి ఒప్పించాను. ఈ రోజు ఆ పిల్లవాడు ఆ రోడ్డు మీద సగం ఫాంహౌసుల వాళ్ళకు పన్ను లెక్కలు రాసిపెడుతున్నాడు. ఎక్కడ కనిపించినా కారు ఆపి దిగి నమస్తే పెడతాడు. ఆ నమస్తే నాకు సరిగ్గా అరగదు.

మా అన్న బిడ్డ కూడా మా బడే. నా బల్ల దగ్గర వరుసలో నిలబడింది. మేనత్తను కదా, ఇంట్లో అడగొచ్చు, కానీ అందరిలా వరుసలోనే వస్తానన్నది. ఆ పిల్లకు మేనత్త నోరు వచ్చిందని ఊళ్ళో పేరు. ఏడేళ్ళప్పుడే కల్లు దుకాణం ముందు నిలబడి వాళ్ళ నాయనను ఇంటికి రమ్మని కేకలేసింది. గండిపేట చెరువు బ్రిటిష్ వాళ్ళు కట్టించారని ఆదివారం సారు కుర్చీలో వెనక్కి వాలి సెలవిస్తుంటే, "బ్రిటిషోళ్ళు కాదు సార్, నిజాం కట్టించిండు. మూసీకి వరద వచ్చి పట్నం మునిగినంక" అన్నది. ఆయన నవ్వి "స్మార్ట్ గర్ల్" అన్నాడు. మా అన్న మాత్రం సిగ్గుతో చచ్చిపోయాడు, అంత పెద్ద మనిషికి తప్పు చెప్పిందని. నా కూరలో ఉప్పు దగ్గర నుంచి నా చీర రంగు దాకా ఆ పిల్ల నాతో వాదించని విషయం లేదు. అది ఓడిపోయి కూడా ఓడిపోయానని అనేది కాదు. నాకు అందుకే అదంటే ప్రాణం.

ఆ రోజు సంచి తేలేదు. సోషల్ పుస్తకం ఒక్కటే తెచ్చి బల్ల మీద పెట్టింది. అట్ట ఊడిపోయి ఉన్నది. పటాల మీద పెన్సిలు గీతలు, మార్జిన్లలో "ఎందుకు?" "ఎవరు చెప్పిండ్రు?" అని రాతలు.

"అన్ని పుస్తకాలు తెమ్మన్న గదనే?"

"మిగిల్నయి కొత్తగనే ఉన్నయత్తా. ఎవరికన్న అమ్ముకోవచ్చు."

వరుసలో వాళ్ళు నవ్వారు. "నాకు హెచ్ఈసీ రాయి" అన్నది. చరిత్ర, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం. అప్పట్లో ఆ గ్రూపంటే ఏదీ రాని వాళ్ళు తీసుకునేది. "హెచ్ఈసీ సదివి ఏం జేస్తవే?" అన్నాను. ప్రతి పిల్లనూ అడిగే ప్రశ్నే అది. అది నా మొహంలోకి చూసి, "నువ్వేం జేస్తున్నవో గదే జేస్త" అన్నది.

ఎంత ప్రేమగా అన్నదో ఇప్పుడు తెలుస్తున్నది. అప్పుడు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. నేనేం చేస్తున్నాను? చరిత్రలో ఎం.ఏ. చదివి, సుద్దముక్కల పొడి మింగుతూ, రోజుకు ఏడు పీరియడ్లు నిలబడుతున్నాను. ఆ ఏడే మా బడికి ఆరు నెలల కోర్సు చేసిన ఒక కంప్యూటర్ కుర్రాడు వచ్చాడు. అతనికి గిర్రున తిరిగే కుర్చీ ఇచ్చారు, ఏసీ గది ఇచ్చారు. ఎవరైనా పెద్దలు వస్తే హెడ్మాస్టరు "మా కంప్యూటర్ ఫ్యాకల్టీ" అని అతన్ని ముందుకు తోసి, పోతూ పోతూ "సోషల్ మేడమ్ కూడా ఉన్నారు" అనేవాడు. ఆ "కూడా"లో నేను, ఆ కుర్రాడు రాకముందు లెక్కల సారు వెనుక, పదేళ్ళ నుంచి కాపురం ఉంటున్నాను. అందులోకి నా మేనకోడల్ని రమ్మనడానికి మనసు రాలేదు. పుస్తకం దాని చేతికిచ్చి "ఇంటికాడ మాట్లాడుదాం, పో" అన్నాను. ఆ పిల్ల సంతోషంగా పోయింది. అత్త చూసింది గదా, ఇక ఫికర్ లేదనుకున్నది.

నాలుగు రోజులకు మా అన్న ఇంటికి ఒక రెసిడెన్షియల్ కాలేజీ మనిషి వచ్చాడు. ఎండాకాలంలో మెడకు టై కట్టుకొని మోటారుసైకిలు మీద ఊరూరా తిరిగి పిల్లల్ని చేర్పించే మనుషులు ఉండేవాళ్ళు అప్పుడు. వాళ్ళ పని పిల్లతో కాదు, మార్కుల మెమోతో. అసలు మెమో, బడి ఇచ్చే టీసీ ఎవరి సంచిలో పడితే ఆ కాలేజీ పిల్ల అన్నట్టే లెక్క. మళ్ళీ వెనక్కి తెచ్చుకోవడం ఎవరి తరమూ కాదు. అది మా అందరికీ తెలుసు. మా అన్న నన్ను పిలిపించాడు.

సాయంత్రం పూట. మరునాటి మార్కెట్టు కోసం కొత్తిమీర పీకి అరుగు మీద కుప్పలు పోశారు. మా వదిన, ఆ పిల్ల కూర్చొని సుతిలి తాడుతో కట్టలు కడుతున్నారు. ఇల్లంతా పచ్చి కొత్తిమీర వాసన. టై మనిషి కుర్చీలో కూర్చొని సీట్లు అయిపోతున్నాయని, ఈ రోజు చెప్పకపోతే తన చేతుల్లో లేదని చెబుతున్నాడు. ఇప్పుడు మా వదిన మరిచిపోయిన సంగతి ఇదే. ఆ పూట ఎవరూ పట్టుబట్టలేదు. మా అన్నకే అనుమానంగా ఉన్నది. మెమో చేతిలో అటూ ఇటూ తిప్పుతూ, "లెక్కలల్ల నలభై మూడే వచ్చినయి చెల్లె. నడుస్తదా?" అన్నాడు. మా వదిన కట్ట కడుతూనే, "నువ్వు చెప్పు టీచరమ్మా. ఊరందరి పిల్లలకు చెప్తవు. నువ్వు ఏదంటే అదే రాపిద్దం" అన్నది. వెటకారం కొంచెం ఉన్నది గానీ, మాట నిజమే. నేను హెచ్ఈసీ అంటే మా అన్న కాసేపు గొణిగి ఒప్పుకునేవాడు. చేవెళ్ళ సర్కారు కాలేజీలో ఆ గ్రూపు ఉన్నది, బస్సు ఉన్నది, నేను ఉన్నాను. ఆ పిల్ల తలెత్తి నా వైపు చూసింది. భయంగా కాదు. సేఠ్‌తో గంటసేపు పోట్లాడిన అత్త ఇప్పుడు ఎట్లా మొదలుపెడుతుందో చూద్దామన్నట్టు, కొంచెం సరదాగా చూసింది.

"ఎంపీసీ రాసుకోండి" అన్నాను.

దాని చేతిలో సుతిలి ఒక్క క్షణం ఆగింది. నేను ఎదురుమాట కోసం సిద్ధంగా ఉన్నాను. నిజం చెబుతున్నాను, నా దగ్గర జవాబులన్నీ తయారుగా ఉన్నాయి. ట్యూషన్ పెట్టిస్తానని, చరిత్ర ఎప్పుడైనా చదువుకోవచ్చని, నా బతుకు నీకొద్దని. అది వాదిస్తే, వాదించి నన్ను ఓడిస్తే, నేను ఒప్పుకునేదాన్నేమో కూడా. అది "సరే అత్తా" అన్నది. అంతే. సుతిలి ముడి వేసి, కట్ట పక్కన పెట్టి, ఇంకో గుప్పెడు కొత్తిమీర తీసుకున్నది. టై మనిషి మెమో ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొని, కాలేజీ బొమ్మ ఉన్న ఒక సంచి బహుమానంగా ఇచ్చి వెళ్ళాడు. మా వదిన ఆ సంచి బాగున్నదని మెచ్చుకున్నది.

ఆ కాలేజీ గండిపేట దగ్గర. ఆదివారాలు తల్లిదండ్రులను గేటు లోపల షామియానా కింద కూర్చోబెట్టి పిల్లల్ని పంపేవాళ్ళు. మొదటి నెల నేను తలకాయ కూర తీసుకెళ్ళాను. ఉప్పు కావాలనే తక్కువ వేశాను, అంటుందేమో అని. ఏమీ అనకుండా తిన్నది. "ఎట్లున్నదే?" అంటే "మంచిగున్నదత్తా" అన్నది. మూడో నెలకు ఏది అడిగినా మంచిగున్నది అనడం నేర్చుకున్నది. మా వదినకు మాత్రం సంబరం, పిల్లకు ఒద్దిక వచ్చిందని. "హాస్టల్ల ఏసినంక నోరు అదుపులకొచ్చింది" అని ఊరంతా చెప్పుకున్నది.

మొదటి ఏడాది లెక్కలు రెండు పేపర్లూ పోయాయి. రెండో ఏడాదీ అంతే. ఇంగ్లీషు, తెలుగు, రసాయనశాస్త్రం, ఆఖరికి భౌతికశాస్త్రం కూడా ఎట్లాగో గట్టెక్కించుకున్నది. లెక్కలు మాత్రం కాలేదు. సప్లిమెంటరీలు చేవెళ్ళలో రాసింది. నేనే తోడు వెళ్ళేదాన్ని. చింతచెట్టు కింద కూర్చొని మూడు గంటలు గేటు వైపు చూసేదాన్ని. ఎన్నిసార్లని అడగకండి. ఒకసారి బయటికొచ్చినప్పుడు, "ఇప్పుడన్న గ్రూపు మారుద్దమే. కొత్తగ హెచ్ఈసీ కడుదం. ఓపెన్‌ల డిగ్రీ జేయొచ్చు" అన్నాను. అది హాల్ టికెట్ మడిచి బ్యాగులో పెట్టుకుంటూ, "ఇగ వద్దత్తా. చదువు మీదికెళ్ళి మనసు పోయింది" అన్నది. కోపంగా అని ఉంటే బాగుండేది. బస్సు వచ్చిందని చెప్పినంత మామూలుగా అన్నది.

మిగిలిన మూడెకరాలూ తర్వాత పోయాయి. మా అన్న మొయినాబాద్‌లో ఇల్లు కట్టాడు. ఆ పిల్లకు పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. ఇప్పుడు గండిపేటలో ఒక గేటెడ్ కాలనీ ముందు అద్దాల గదిలో కూర్చొని వచ్చే పోయే బండ్ల నంబర్లు కంప్యూటర్లో ఎక్కిస్తుంది. కంప్యూటర్ ఉద్యోగమే కదా అని మా అన్న ఒకసారి అన్నాడు. నవ్వుతూ అన్నాడో, నమ్మి అన్నాడో నేను అడగలేదు. ఆదివారం సారు మడత కుర్చీలు పోయి అక్కడ పెద్ద బంగళా లేచింది. రెండేళ్ళ కింద దారిలో కనిపించి, కూతురు ఢిల్లీలో చదువుతున్నదని గర్వంగా చెప్పాడు. ఏం చదువుతున్నదని అడిగాను. "హిస్టరీ మేడమ్. తనకు ప్యాషన్" అన్నాడు. ఎండకు కళ్ళు తిరుగుతున్నాయని చెప్పి వచ్చేశాను. ఆయన్ను ఏమనాలి? ఆయన ఒక ఆదివారం, ల్యాప్‌టాప్ చూస్తూ, ఒక్క మాట అన్నాడు. నేను ఆ పిల్ల పుస్తకం తెరిచి చూసి, అందులో ఏముందో తెలిసి, అదే మాట అన్నాను.

పక్కింటావిడ వచ్చి వెళ్ళిన మరునాడు గండిపేట వెళ్ళాను. అద్దాల గదిలో నాకు కుర్చీ వేసింది, చాయ్ తెప్పించింది. మీ అమ్మ ఇట్లా చెబుతున్నదే అన్నాను. "చెప్పనీ అత్తా. ముసలిదైంది, దాని మనసుకు నిమ్మళంగ ఉంటది" అన్నది. అది కాదే, ఆ రోజు నువ్వెందుకు ఒక్క మాట అనలేదు, నా మీద అరిచి ఉండొచ్చు గదా అన్నాను. ఒక కారు వచ్చింది. నంబరు ఎక్కించి, గేటు ఎత్తి, లోపలున్న ఆయనకు గుడ్ మార్నింగ్ చెప్పి నా వైపు తిరిగింది. "గిప్పుడు దాంతోని ఏం పనత్తా? చాయ్ సల్లారుతున్నది, తాగు." చాయ్‌లో చక్కెర మరీ ఎక్కువైందని అన్నాను, కావాలనే. "ఔనత్తా, ఎక్కువనే అయింది" అని ఒప్పుకున్నది.

నా మాటలకు ఎదురు చెప్పిన వాళ్ళందరినీ నేను మరిచిపోయాను. సరే అన్న ఒక్కతే గుర్తుండిపోయింది. ఇన్నేళ్ళు గడిచాయి కదా, ఎక్కడో ఒకచోట దీనికి అర్థం దొరుకుతుందనుకున్నాను. గడిచిన కొద్దీ అడిగే ధైర్యం తగ్గింది, మొన్న ఎట్లాగో అడిగినా ఏమీ దొరకలేదు. చెరువు ఎవరు కట్టించారన్న దానికి కూడా ఊరుకోని పిల్ల, తన బతుకు రాసేస్తుంటే ఎందుకు ఊరుకున్నది? అత్త చెప్పింది గదా అని నమ్మి ఊరుకున్నదా, లేక ఆ ఒక్క మాటతో అత్త మీద నమ్మకం పోయి, ఇక ఈమెతో వాదించి లాభం లేదని ఊరుకున్నదా?